పాలేటిమొగ – ఎర్రబోడు, తొంభై నిమిషాలు

రాక 209. మంగళవారం. 78 నిమిషాలు.

పాలేటిమొగ విమానం దిగింది. రెక్కకు మూడు గుండ్లు తగిలాయి, తోకకు ఒకటి. మా రెండు ఊళ్లకూ నడుమనున్న మధ్యదేశం వాళ్లకు ఈమధ్య గురి బాగానే కుదిరినట్టుంది. మందుల పెట్టెలు పదకొండు, అందులో ఒకటి పగిలింది. పైలట్ పైడితల్లి దిగగానే చక్రం పక్కన చతికిలబడి వాంతి చేసుకుంది. తర్వాత లేచి వాళ్లమ్మ వైపు చూసి చెయ్యి ఊపింది.

వాళ్లమ్మ నూకాలమ్మ రన్‌వే చివర స్టూలు మీద కూర్చుని ఉంది. చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి కాబట్టి తిరిగి ఊపలేదు. ఆమె వెనక తుపాకీతో నా మొగుడు మద్దిలేటి. ఆమె పక్కన గడియారంతో నేను, ఎర్రబోడు లెక్కమనిషి సుంకులమ్మను.

నేను ఈ పనిలో చేరిన నాడు ఒకటి నుంచి మొదలుపెట్టిన ఈ పుస్తకం నా తర్వాత ఎవరి చేతిలో పడుతుందో తెలియదు, అందుకని పద్ధతి ఒక్కసారి రాసి ఊరుకుంటాను. విమానం అక్కడ లేచిందని రేడియోలో మాట రాగానే నేను గడియారం నొక్కుతాను. గాల్లో ఉన్నంతసేపూ రేడియో వాడరు, వాడితే మధ్యదేశం వాళ్లు ఆ గొంతు పట్టుకుని తుపాకులు తిప్పుతారు. సూటిగా 288 కిలోమీటర్లు. తొంభై నిమిషాల్లోపు ఇక్కడ దిగాలి. దిగకపోతే పైలట్ విమానాన్ని ఎటో అమ్ముకుపోయినట్టే లెక్క. అప్పుడు నేను ‘తొంభై’ అని అరవాలి, మద్దిలేటి కాల్చాలి. అందుకే పైలట్ రక్తసంబంధం ఒకరు దిగే చోట జామీనుగా కూర్చుంటారు. శుక్రవారం మా విమానం గింజలతో అక్కడికి పోయినప్పుడు వాళ్లూ ఇదే చేస్తారు. లెక్కమనిషి నోటి నుంచి ఆ మాట రానిదే తుపాకీ పేలకూడదు.

కిందటి పుష్యంలో వాళ్లు చేసి చూపించారు. మా విమానం నాలుగు నిమిషాలు ఆలస్యమైంది. నడిపింది మద్దిలేటి. అక్కడ స్టూలు మీద ఉన్నది మా కూతురు చౌడేశ్వరి. పందొమ్మిదేళ్లు.

అప్పటి నుంచి మద్దిలేటి విమానం ఎక్కలేదు. తుపాకీ పని తనే అడిగి తీసుకున్నాడు.

రాక 210. మంగళవారం. 82 నిమిషాలు.

“నాలుగు పెరిగినాయి,” అన్నాడు మద్దిలేటి. ఆరు నెలల తర్వాత ఈరోజే మారు అన్నం పెట్టించుకున్నాడు. నాకూ సంతోషంగానే ఉంది, దాచుకోవడమెందుకు. పుస్తకంలో 82 రాసి కింద గీత కాస్త ఒత్తి గీశాను.

నూకాలమ్మకు సంకటి నేనే తీసుకెళ్లాలి. వాళ్లు ఉత్తరం నుంచి సముద్రం తరిమితే వచ్చి పాలేటిమొగలో స్థిరపడ్డ వలల వాళ్లు. ఉప్పు లేనిదే ముద్ద దిగదు. నేను ఉప్పు వెయ్యను. మూడు నెలలుగా వెయ్యలేదు, ఆమె మూడు నెలలుగా అడగలేదు. అడగకపోవడమే నాకు ఒళ్లుమంట.

ఈరోజు స్టూలు మీద ఉన్నంతసేపూ ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి. దేవుణ్ణి తలుచుకుంటోందేమో అనుకున్నాను. వంగి విన్నాను. “ఎనభై ఒకటి,” అంది. నా గడియారమూ ఎనభై ఒకటే చూపిస్తోంది. ఆమె దగ్గర గడియారం లేదు. ఎందుకో తెలియదు, చాచి చెంప మీద కొట్టాను. స్టూలుతో సహా పక్కకు పడింది. మద్దిలేటి లేపి కూర్చోబెట్టాడు, జామీను స్టూలు మీదే ఉండాలి కదా మరి.

రాక లేదు. గురువారం.

పగిలిన పెట్టెలోని మందు వాడిన ఇద్దరు చనిపోయారు. మధ్యాహ్నం నలభై మంది కర్రలతో, నూకాలమ్మను ఉంచిన షెడ్డు మీద పడ్డారు. ఆమెను జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చారు. ఒకడు మోకాలి మీద కొట్టాడు, ఎముక చప్పుడు నాకు వినిపించింది. ఇంకొకడు నోటి మీద తన్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. ఆపలేదు. ఆపాలనిపించలేదు.

ఆపింది ఫీల్డు పెద్ద గిడ్డయ్య. గాల్లోకి రెండు గుండ్లు కాల్చాడు. ఆగనివాడి పాదంలోకి మూడోది కాల్చాడు.

“ఈయమ్మ సచ్చిందంటే పైడితల్లి యాలొస్తాది? మందులు మీ తాత తెస్తాడా? పోండిరా!” అన్నాడు.

పోయారు. పాదం పగిలినవాణ్ణి మోసుకుంటూ పోయారు. నూకాలమ్మ మట్టిలోనే కూర్చుని ఊడిన రెండు పళ్లను నాలుకతో ముందుకు తోసి ఉమ్మేసింది. నేను నీళ్లిచ్చాను. “మా గుంట సూడకముందే మొకం కడిగీమ్మా,” అంది. మంగళవారం దాకా పైడితల్లి రాదు, వాపు ఎలాగూ అప్పటికి తగ్గదు. అయినా కడిగాను.

రాక 211. మంగళవారం. 86 నిమిషాలు.

కంబానికి కట్టిన గాలిసంచి తూర్పుకు కర్రలా బిగుసుకుని ఉంది. ఆషాఢం గాలి. పడమటి నుంచి మొదలైందంటే రెండు నెలలు వదలదు. పైడితల్లి దానికి ఎదురొస్తోంది. శుక్రవారం మా విమానం అదే గాలి వీపున పడి అరవై రెండు నిమిషాల్లో పోయింది. పుష్యంలో అంతా తిరగబడుతుంది. తూర్పు గాలి, వాళ్లకు అరవై, మాకు తొంభై నాలుగు.

ఇది ఇవాళ కనిపెట్టిందేమీ కాదు. నాకు మొదటి నుంచీ తెలుసు. ఈ పుస్తకంలో ఎక్కడా రాయని సంగతి ఒకటుంది, ఇప్పుడు రాస్తాను.

రెండేళ్ల కిందట రెండు ఊళ్ల పైలట్లూ కలిసి ఒక మాట అడిగారు. ఎదురుగాలి కాలంలో పది నిమిషాలు ఎక్కువ ఇవ్వండి అని. వాళ్లలో మద్దిలేటి ఉన్నాడు, పైడితల్లీ ఉంది. ఊళ్లో పెద్దలు ఒప్పుకునేవాళ్లు కారు. వాళ్లకు పది నిమిషాలు ఎక్కువిస్తే మనం పది నిమిషాలు తగ్గినట్టేనన్నారు. అక్కడా అచ్చంగా అదే మాటట. అయినా గిడ్డయ్య నన్ను పిలిచి, లెక్క తెలిసినదానివి, నువ్వు చెప్పమన్నాడు. నేను చెబితే వినేవాళ్లు.

నేను పలక మీద లెక్కేసి చూపించాను. గాలి లేని రోజు డెబ్భై రెండు నిమిషాలు. తొంభై అంటే పద్దెనిమిది ఎక్కువే ఇచ్చినట్టు. ఒక కాలంలో గాలి మనల్ని ఆపితే ఇంకో కాలంలో వాళ్లను ఆపుతుంది. ఏడాది మొత్తం మీద ఇద్దరికీ సమానం, ఎవరికీ నష్టం లేదు, అంకె కదపొద్దు అన్నాను. అందరూ భేష్ అన్నారు. పాలేటిమొగకు ఆ లెక్కే పంపారు, వాళ్లూ భేష్ అన్నారు.

ఏడాది మొత్తం మీద సమానమే. చౌడి చచ్చింది ఒక్క రోజున.

రాక లేదు. ఆదివారం.

ఈరోజు నూకాలమ్మ మోకాలికి కట్టు మారుస్తున్నాను. ఆమె నా మొహం వైపు చూడకుండా, గోడతో చెబుతున్నట్టు చెప్పింది.

“మీ గుంట కాడ లెక్క సెప్పింది నానేనమ్మా.”

నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాను.

“పాలేటిమొగలో లెక్కమనిషిని నానే. పదకొండేళ్లు సెప్పినాను. ఆ పొద్దు తొంభై అన్నది నానే. పైడితల్లికి జామీను ఎవులని అడిగితే నానెల్తానన్నాను.”

“దీపం కనబడలేదా?” అని అడిగాను. మధ్యదేశం దాటగానే పైలట్లు విమానం ముందున్న దీపం వెలిగిస్తారు. పగటి పూటైనా చాలా దూరం నుంచి కనిపిస్తుంది. మద్దిలేటి వెలిగించానన్నాడు. వాళ్లు కనబడలేదన్నారు. ఆరు నెలలుగా నేను ఎవరి మాట నమ్మాలో తేల్చుకోలేదు.

“కనబడినాది. మీ గుంట కూడా సూసింది. అదో, మా నాయన వస్తాండు అని నాకు సెప్పింది. నవ్వతంది. గడియారం తొంభై సూపించీసింది. నోరు మూసుకుంటే సరిపోను. పదకొండేళ్ల అలవాటమ్మా, అంకె నోటికొచ్చీసినాది. అన్నీసినాను.”

రెండు చేతులతో గొంతు పట్టుకున్నాను. బొటనవేళ్లు లోపలికి దిగాయి. ఆమె చేతులు కట్టి ఉన్నాయి, కట్టి లేకపోయినా అడ్డం పెట్టేది కాదనుకుంటాను. కళ్లు ఎర్రబడ్డాయి, నాలుక బయటికొచ్చింది, కాళ్లు నేలను తన్నుకున్నాయి.

వదిలేశాను. జాలితో కాదు. ఇక్కడ చచ్చిపోతే మంగళవారం స్టూలు ఖాళీగా ఉంటుంది. గాలి పెరుగుతోంది. ఇంకో వారమో రెండు వారాలో ఆగితే ఆ మాట నేనే అనొచ్చు, ఆమె చెవిలో, నిమిషానికి సరిగ్గా. దానికోసం వదిలేశాను.

మద్దిలేటికి చెప్పలేదు. చెబితే మంగళవారం దాకా ఆగడు.

రాక 212. మంగళవారం. 89 నిమిషాలు.

ఒక్క నిమిషం. మద్దిలేటి తుపాకీ దించాడు.

పైడితల్లి పరిగెత్తుకుంటూ నా దగ్గరికే వచ్చింది. భుజం మీద గుండు ఒరుసుకుపోయి చొక్కా నల్లగా తడిసింది. “వొచ్చే వారానికి గాలి ఇంకా పెరుగుద్దేటి?” అని అడిగింది.

“గాలి తగ్గేదాకా లేవకుండా ఉండు,” అన్నాను. ఆ మాట ఎందుకు అన్నానో నాకే తెలియదు.

“నెగకపోతే మీవోలు గింజలాపీయరా? మా ఊర్ల తొమ్మిది రోజులకే ఉన్నాయి.” వాళ్లమ్మ వైపు చూసింది, వాచిన మొహం, గొంతు మీద నల్లబడిన నా వేళ్ల గుర్తులు. “తుపాకుల్ని తప్పించుకుని సుట్టు తిరుగుతన్నాను. ఈసారి ఆల నెత్తి మీంచి తిన్నగా వొచ్చీస్తాను. నాలుగు నిమిషాలు కలిసొస్తాయి,” అంది.

కలిసిరావు. గాలిసంచి చూస్తే తెలుస్తూనే ఉంది.

రాక 213. మంగళవారం. 95 నిమిషాలు.

ఊరంతా వచ్చింది. కంచె పట్టుకుని నిలబడ్డారు. గాలికి మట్టి లేచి కళ్లలో పడుతోంది.

డెబ్భై. ఎనభై. ఎనభై ఐదు నుంచి ప్రతి నిమిషమూ పైకి చెప్పాలి. చెబుతున్నాను. నూకాలమ్మ నాతో పాటే పెదాలు కదుపుతోంది. మద్దిలేటి తుపాకీ మొన ఆమె మెడ వెనక ఆనించాడు. ఎనభై ఎనిమిది అన్నప్పుడు తూర్పున చుక్కలా వెలుగు కనిపించింది. కంచె దగ్గర ఎవరో “దీపం!” అని అరిచారు.

“ఎనభై తొమ్మిది,” అన్నాను.

ఆ తర్వాతి మాట కోసం తొమ్మిది రోజులుగా నోరూరుతోంది. ముల్లు పైకి వచ్చి నిలబడింది. నోరు తెరిచాను. మాట తయారుగా ఉంది, నాలుక చివరే ఉంది, ఎంత తేలిగ్గా ఉందంటే, తుమ్ము వచ్చినంత తేలిగ్గా. నూకాలమ్మకు ఆ రోజు ఇలాగే వచ్చి ఉంటుంది. నాకు భయమేసింది. నూకాలమ్మ మీద జాలి లేదు, ఇప్పటికీ లేదు. నా నోరంటేనే భయమేసింది.

“ఎనభై తొమ్మిది,” అన్నాను మళ్లీ.

మద్దిలేటి నా వైపు తిరిగాడు. “ఏందే? ఇప్పుడే అంటివి గదా అది?”

“ఎనభై తొమ్మిది.”

“సుంకులూ, అయిపాయ. అను.”

“ఎనభై తొమ్మిది.”

గిడ్డయ్య పరిగెత్తుకొచ్చి నా చేతిలోని గడియారం లాక్కుని చూశాడు. “తొంభై ఒకటి! ఈమెకు మతి పోయింది. అను సుంకులమ్మా, ఒప్పందం తప్పినామంటే మళ్లీ మన జామీనుకు దిక్కెవరు?”

“చౌడి కోసరం అనే,” అన్నాడు మద్దిలేటి. ఏడుస్తున్నాడు. “ఒక్క మాట. నీ కాళ్లు పట్టుకుంటా, అను.”

నేను మళ్లీ ఎనభై తొమ్మిదే అన్నాను. అతను తుపాకీ తిప్పి దాని మడమతో నా దవడ మీద కొట్టాడు. మొదటి దెబ్బకు పళ్లు పోయాయి. రెండో దెబ్బకు దవడ ఎముక పక్కకు జరిగింది. కింద పడ్డాను, నోటి నిండా రక్తం, మట్టి. “అను, అను,” అంటూ డొక్కలో తన్నుతున్నాడు. నోరు విరగ్గొట్టాక నేను అనాలనుకున్నా అనలేనని అతనికి తట్టలేదు. గిడ్డయ్యకు తట్టి, “ఆపరా, ఆపు!” అని మీద పడి లాగాడు. అప్పటికి విమానం చక్రాలు నేలను తాకాయి.

ఎడమ ఇంజను తగలబడుతోంది. మంట వెనక్కి సాగి తోకను నాకుతోంది. పైడితల్లి దూకి, వాళ్లమ్మ దగ్గరికి పరిగెత్తి, ఆమె ఒళ్లో తల పెట్టుకుని పడిపోయింది. జనం బిందెలతో మట్టి చల్లి మంట ఆర్పారు.

95 అని రాశాను. కుడిచెయ్యి బాగానే ఉంది.

రాక లేదు. శనివారం.

దవడకు గుడ్డతో కట్టు కట్టారు. గంజి కూడా దిగడం లేదు. ఇంజను మా మెకానిక్కులు మూడు రోజులు కూర్చుని బాగుచేసిచ్చారు, పైడితల్లి నిన్న తిరిగిపోయింది. మందులు రావాలి కదా.

లెక్క తప్పినందుకు గిడ్డయ్య నాకు వేసిన శిక్ష చిన్నదే. మంగళవారం నన్ను గాలిసంచి కంబానికి కట్టేస్తారు. లెక్క మద్దిలేటి చెబుతాడు. తుపాకీ గిడ్డయ్యే పట్టుకుంటాడు. “వీడైతే ఒక్క సెకను గూడ అటు ఇటు పోనీడు,” అన్నాడట.

మద్దిలేటి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. నేను పలక తీసుకుని, ‘అనొద్దు. గాలి’ అని రాశాను.

“గాలని నాకు తెల్దా?” అన్నాడు. “ఆ పొద్దు నేను గూడ గాలి, గాలి అని మొత్తుకుంటి. ఎవరన్నా ఇన్యారా? నా బిడ్డను నేలమీద పెట్టుకోని చెప్పితి, గాలి సామీ అని. నవ్విరి. ఇప్పుడు వాళ్లకు నేను యాల ఇనాల?”

పలక తుడిచాను. తొంభై అంకె ఉంచమన్నది నేనేనని రాశాను. అతను చదివాడు.

“తెలుసు,” అన్నాడు. “అప్పుడు నేను ఆడనే ఉంటి గదా.”

రెండేళ్లలో ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు, చౌడి పోయాక కూడా ఎత్తలేదు. నాకు ఏడుపొచ్చింది, దవడ కట్టుతో ఏడవడం కూడా కుదరదు. నూకాలమ్మ ఎవరో రాయాలని పలక మళ్లీ తుడిచాను. రాయలేదు. రాస్తే ఇక నా చెయ్యి కూడా ‘తొంభై’ అన్నట్టే.

రాక 214. మంగళవారం. 98 నిమిషాలు.

కంబానికి కట్టారు. నెత్తి మీద గాలిసంచి కొట్టుకుంటోంది. అక్కడి నుంచి స్టూలు నలభై అడుగులు. నూకాలమ్మ నా వైపు చూసింది. ఈరోజు పొద్దున ఆమె సంకటిలో ఉప్పు వేశాను. తిన్నదో లేదో చూడలేదు.

మద్దిలేటి గొంతు గట్టిది. ఎనభై ఐదు. ఎనభై ఆరు. గాలికి ఎదురుగా కూడా వినిపిస్తోంది. తూర్పున ఏమీ లేదు. ఎనభై తొమ్మిది అన్నప్పుడు కూడా ఏమీ లేదు. తర్వాత వెలుగు కనిపించింది, చిన్నది, చాలా దూరంలో. నేను చూశాను. కంచె దగ్గరివాళ్లు చూశారు, ఈసారి ఎవరూ అరవలేదు. మద్దిలేటి కూడా చూశాడు. గడియారం మీది నుంచి తల ఎత్తి సరిగ్గా అటే చూశాడు. గొంతులోంచి ఏదో చప్పుడు చేశాను, మాట కాదు, పశువు మూలిగినట్టు.

“తొంభై,” అన్నాడు.

గిడ్డయ్య కాల్చాడు. నూకాలమ్మ ముందుకు పడింది. మెడ దగ్గర సగం లేదు. కాలు ఒకటి కొంచెంసేపు కదిలింది.

ఎనిమిది నిమిషాలు ఎవరూ ఎక్కడికీ పోలేదు. రక్తం స్టూలు కింద మడుగు కట్టి, రన్‌వే వాలుకు మెల్లగా పారింది. దీపం పెద్దదయింది. చక్రాలు దిగాయి.

పైడితల్లి విమానం ఆగకముందే దూకింది. బొక్కబోర్లా పడి లేచింది. మోచేతులు చీరుకుపోయాయి, ఒక చెప్పు ఊడిపోయింది. అమ్మా అని కూడా అరవడం లేదు, నోరు తెరిచి ఉంది, శబ్దం లేదు. దగ్గరికొచ్చి ఆ తలను ఎత్తి మెడ మీద సరిగా పెట్టాలని చూసింది. అది నిలబడటం లేదు. మళ్లీ పెట్టింది. మళ్లీ పక్కకు ఒరిగింది. అప్పుడు గిడ్డయ్య కాళ్ల మీద పడి, “గాలి బాబో, ఎదురుగాలి బాబో,” అంది. కంచె దగ్గర ఎవడో నవ్వాడు.

మద్దిలేటి అక్కడే నిలబడి ఆ పిల్లను చూస్తున్నాడు. తర్వాత గడియారం నేల మీద పెట్టి, నా దగ్గరికి నడిచి వచ్చి, తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు. వేళ్లకు ముడి దొరకడం లేదు.

“సుంకులూ,” అన్నాడు. “నేను గూడ ఇట్లనే ఉరికింటినా?”

నేను చూడలేదు. చౌడి పోయిన రోజు నేను ఇక్కడే ఉన్నాను. అయినా తల ఊపాను.